చౌకబారు పనిముట్లు – రైతుల నష్టము



మన హిందూపురము, పెనుకొండ, ధర్మవరము సీమలయందు వేరుసెనగ విత్తుటకు వాన యిచ్చు గడువు మిక్కిలి స్వల్పము. ఎఱ్ఱనేలలలో పదును కొలది దినములు మాత్రమే నిలుచును. అట్టి సమయమున ట్రాక్టరు గొర్రునందు బోల్టు పట్టు మర అరిగిపోయినయెడల, రైతు పట్టణమునకుఁ బోయి లేతు షాపునొద్ద కాచుకొనునంతలో పదును ఆరిపోవును. కావుననే పలువురు చేతి డ్రిల్లును, బిట్లను, మరలు కోయు ట్యాపులను ఇంటనుంచుకొనుచున్నారు. ఇది మెచ్చదగినదే. కాని వానిని కొను పద్ధతి మాత్రము మెచ్చదగినది కాదని నా యభిప్రాయము.

కొన్ని యేండ్ల క్రిందట నే నొక గ్రామమున విత్తన గొర్రును ప్రదర్శించుచుండగా దాని ఇరుసు పట్టెలో మర చెడెను. చౌకగా కొనిన ట్యాపు నా సంచిలో నుండెను. దానిని త్రిప్పితిని. రెండు చుట్లు తిరిగి, పుటుక్కున విరిగి, రంధ్రములోనే చిక్కుకొనెను. ట్యాపు గట్టి యుక్కు గనుక దానిని సామాన్యపు బిట్టు తొలువజాలదు. తుదకు పట్టెనే మార్పవలసి వచ్చెను. ఆ దినమున విత్తు సాగలేదు. ఆ రైతు నన్నేమియు ననలేదు. పొలము వైపు చూచి యూరకుండెను. తప్పు ట్యాపుది మాత్రమే కాదు, చౌకకు ఆశపడిన నాదియును.

మేలైన పనిముట్టు నెట్లు గుర్తింపవలెను? కర్బనపు ఉక్కు బిట్టు సుమారు 250 డిగ్రీల వేడికే మెత్తబడును. 1900 ప్రాంతమున అమెరికాలో టెయిలర్, వైట్ అనువారు రూపొందించిన హెచ్.ఎస్.ఎస్. ఉక్కు సుమారు 600 డిగ్రీల వరకు కాఠిన్యమును కోల్పోదు. అయితే ఆ మూడక్షరములు ఎవరైనను ముద్రింపవచ్చును. పసుపు వన్నెయు నమ్మదగినది కాదు. పైపూత లోని యుక్కును మార్పదు. తయారుచేసినవారి పేరు, కొలత స్పష్టముగా చెక్కబడిన దానినే కొని రసీదు పుచ్చుకొనవలెను. అద్దముపై దొర్లించిన బిట్టు వంకర తెలియును. కొనయందలి రెండు అంచులు సమానముగా నుండవలెను. లేనిచో రంధ్రము పెద్దదగును. సానరాయికి మోపినప్పుడు కర్బనపు ఉక్కు తెల్లని చీలిక రవ్వలను విరివిగా చిమ్మును, హెచ్.ఎస్.ఎస్. మసక యెఱ్ఱని రవ్వలను కొద్దిగా చిమ్మును.

నూరు బిట్ల పెట్టె మనకక్కరలేదు. 6, 8, 10, 12 మిల్లీమీటర్ల ట్యాపులును, వానికి వరుసగా 5, 6.8, 8.5, 10.2 మిల్లీమీటర్ల బిట్లును ఉన్న చాలవరకు పని జరుగును. పాత యంత్రములలో అంగుళపు మరలుండును. వానికి మిల్లీమీటరు ట్యాపు దూర్చినచో ఉన్న మరయు చెడును. ట్యాపును అరచుట్టు ముందునకు, పావుచుట్టు వెనుకకు త్రిప్పుచుండవలెను. ఉక్కునకు నూనె వేయవలెను. వేరుసెనగ నూనెయైనను పనికివచ్చును. పోత ఇనుమునకు నూనె వలదు. పెద్ద బిట్టును మెల్లగా త్రిప్పవలెను. మెత్తని ఉక్కులో 10 మిల్లీమీటర్ల బిట్టునకు నిమిషమునకు 800 చుట్లు చాలును.

ఇంత మేలైన సామగ్రిని ప్రతి రైతును ఎట్లు కొనగలడని అడుగుదురు. కొననక్కరలేదు. విత్తనములు, ఎరువులు సంఘము ద్వారా తెచ్చుకొను మనము ఈ పనిముట్ల నేల తెచ్చుకొనరాదు? పదిమందిలో పాము చావదందురు; నిజమే. అందుచే దానిని ఊరి కమ్మరివంటి పని తెలిసిన యొక్కని వశమున నుంచవలెను. బిట్లు సానపట్టుటకు సంఘమే అతనికి కూలి యిచ్చినచో అతని జీవనమునకును లోటుండదు. తీసికొనినవారు పుస్తకములో చేవ్రాలు చేయవలెను. విఱిచినవారు వెల యియ్యవలెను.

ధర్మవరపు నేతగాడు నాసిపట్టుతో మంచి చీర నేయబూనడు. పెనుకొండ దాపున 2019 నుండి మోటారుకార్లు తయారగుచున్నవి. అట్టి సీమలో ఒక్క బోల్టు మరకై పొలములు విత్తక నిలిచిపోవుట మనకు తగదు. తొలకరికి ముందే ప్రతి సంఘమును తన సర్వసభ్య సమావేశమున ఈ సంగతి చర్చించి తీర్మానింపవలెనని నా మనవి.