సముందర్ మగాళ్ల జాగీరా?

లాలాపేట్ నుంచి సూర్యలంక 300 కిలోమీటర్ల పైమాట. అంత దూరం మన ఆడవాళ్లను తీసుకుపోయేది చెప్పులకు కాపలా కూర్చోబెట్టడానికా? జవాబ్ చెప్పండి భాయియో.

మన ఖాందాన్‌లలో బీచ్ సైర్ ఎట్లుంటదో మీకు తెలియంది కాదు. ముందురోజు రాత్రంతా ఆడవాళ్లు బావర్చీఖానాలోనే. తలావా గోష్త్, బగారా ఖానా, పిల్లలకు పూరీలు, సఫర్‌లో కడుపు తిప్పితే వాసన చూడ్డానికి నిమ్మకాయలు. సికింద్రాబాద్‌లో రైలెక్కి బాపట్లలో దిగుతాం, లేదంటే నాలుగిళ్లవాళ్లు కలిసి మినీబస్సు మాట్లాడుకుంటాం. బీచ్ దగ్గర బండి ఆగీ ఆగకముందే మగాళ్లు, మగపిల్లలు షర్ట్‌లు విప్పి నీళ్లలోకి ఉరుకుతారు. సరుగుడు చెట్ల నీడలో చాప పరిచి, గాలికి లేవకుండా నాలుగు మూలలా నాలుగు డబ్బాలు పెట్టి, మధ్యలో ఆడవాళ్లు కూర్చుంటారు. ఒకరి ఒళ్లో పసిబిడ్డ, ఇంకొకరి ఒళ్లో అందరి ఫోన్లు, పర్సులు. జొహర్ వేళకు మగాళ్లు ఇసుక కాళ్లతో వచ్చి "దస్తర్‌ఖాన్ లగావ్" అంటారు. తిని మళ్లీ నీళ్లలోకి. ఇంటికొచ్చాక ఆ ఇసుక బట్టలు ఉతికేదీ ఆడవాళ్లే. దీనికి మనం పెట్టుకున్న పేరు ఫ్యామిలీ పిక్నిక్.

మా రిష్తాదారుల్లో అరవై దాటిన ఒక ఖాలా ఉంది. మూడుసార్లు బీచ్‌కు పోయొచ్చింది. సముద్రం నీళ్లు ఎట్లుంటయి ఖాలా అని అడిగితే, "ఖారా రెహతా కతే బేటా" అంది. ఉప్పగా ఉంటదట! మూడుసార్లు దాని ముందు కూర్చున్న మనిషి "అట" అంటోంది.

దీనికి మనవాళ్ల దగ్గర ఒకటే జవాబ్: హయా. ఆడవాళ్లు నీళ్లలో దిగితే బేపర్దా అవుతుందట. సరే, దీన్ మాటే మాట్లాడుకుందాం.

బుఖారీలో ఉమ్మె హరామ్ రజియల్లాహు అన్హా వాఖియా ఉంది. మదీనా అన్సారీ ఆమె, హజ్రత్ అనస్‌కు ఖాలా. ఆమె ఇంట్లో రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం కునుకు తీసి, నవ్వుతూ లేచారు. నా ఉమ్మత్‌లో కొందరు తఖ్తుల మీద బాద్షాల్లాగా సముద్రం మీద పోవడం ఖాబ్‌లో చూశానని చెప్పారు. ఆమె వెంటనే అడిగింది: నన్ను కూడా వాళ్లలో చేర్చమని దువా చేయండి. నీకెందుకమ్మా, ఒడ్డున ఉండు అనలేదు హుజూర్. దువా చేశారు. హజ్రత్ ఉస్మాన్ ఖిలాఫత్‌లో ఆమె నిజంగానే ఓడెక్కి సైప్రస్ పోయింది, అక్కడ సవారీ మీద నుంచి పడి షహీద్ అయింది. లార్నకా ఊరి పక్కన ఉప్పు సరస్సు ఒడ్డున ఆమె మజార్ ఇప్పటికీ ఉంది.

"అది జిహాద్ సఫర్ కదా, పిక్నిక్ కాదు కదా" అంటారు. నిజమే. తఫ్రీకి కూడా మిసాల్ ఉంది. అబూ దావూద్‌లో చూడండి: సఫర్‌లో హజ్రత్ ఆయిషాతో హుజూర్ పరుగు పందెం పెట్టుకున్నారు. వేరే రివాయత్‌లో ఇంకో మాట కూడా ఉంది: ముందుగా సాథీలందరినీ మీరు పదండి అని పంపించేశారు. చూశారా? పర్దా ఇంతిజామ్ చేసింది శౌహర్. బీబీని గుడారంలో కూర్చోబెట్టి తానొక్కడే పరుగెత్తలేదు.

సూరె నూర్ తెరవండి. చూపు దించుకోమనే హుకుమ్ 30వ ఆయత్‌లో మగాళ్లకు వచ్చింది, 31వ ఆయత్‌లో ఆడవాళ్లకు. ముందుది వదిలేసి రెండోదాని మీదే మనకు తఖ్రీర్లు. బీచ్‌లో తడిసిన ఆడవాళ్ల వైపు ఫోన్ తిప్పే లఫంగీలను ఎవరూ ఏమీ అనరు. ఇంట్లో ఆడవాళ్లను మాత్రం చాప మీద నుంచి లేవనివ్వరు.

కార్తీక పౌర్ణమికి సూర్యలంక పోయి చూడండి. డెబ్బై ఏళ్ల హిందూ అవ్వలు నిండా చీర కట్టుకుని, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని అలలకు ఎదురు నిలబడి స్నానం చేస్తారు. వాళ్ల ఇజ్జత్‌కు ఏం తక్కువైంది?

ఇంకో తమాషా చెప్తా. 2016 ఎండాకాలంలో ఫ్రాన్స్‌లో కాన్ లాంటి ఊళ్ల మేయర్లు బీచ్‌లో బుర్కినీ బంద్ చేశారు. లెబనాన్‌లో పుట్టి ఆస్ట్రేలియాలో పెరిగిన అహేదా జనెట్టి, ఒళ్లంతా కప్పుకుని ఈదాలనుకునే ఆడపిల్లల కోసమే తయారుచేసిన డ్రెస్ అది. ఆగస్టు 26న అక్కడి పెద్ద అదాలత్ విల్నవ్-లూబే అనే ఊళ్లో ఆ ఆర్డర్‌ను ఆపేసింది. అప్పుడు మన గ్రూపుల్లో ఎంత గుస్సా! ముసల్మాన్ ఔరత్‌ను నీళ్లలోకి దిగనివ్వరా, ఇదేం జులుమ్ అని. మరి ఆ మేయర్ చేసిన పనే సూర్యలంకలో మన మామూలు, చాచాలు చేస్తే దాన్ని తహ్జీబ్ అంటామా?

ఖతరా ఉంటదనే మాట ఒక్కటి నేను ఒప్పుకుంటా. సూర్యలంక, వాడరేవు వైపు మునిగిపోయిన వార్తలు డెస్క్‌లో చాలా దిద్దాను. వాటిలో ఎక్కువ కుర్రాళ్లవే, లోపలికి పోయినవాళ్లవి. అయినా కుర్రాళ్లను ఎవరూ చాప మీద కూర్చోబెట్టరు. అసలు ఖతరా ఈత రాకపోవడం. 2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత ఇండోనేషియాలోని ఆచేలో ఆక్స్‌ఫామ్ వాళ్లు ఊళ్లు తిరిగి లెక్క తీస్తే, పోయినవాళ్లలో ఆడవాళ్లే చాలా ఎక్కువ. ఈదడం, చెట్టెక్కడం ఆడవాళ్లకంటే మగాళ్లకే ఎక్కువగా రావడం కూడా ఒక కారణమని రాశారు. మన ఆడపిల్లలకు మదర్సా, ట్యూషన్, మెహందీ కోర్సు అన్నీ ఉన్నాయి. లేడీస్ టైమింగ్ ఉన్న ఈత కొలను ఎక్కడుందో వెతికిన అబ్బాలు ఎంతమంది?

శీతాకాలం సెలవులకు మళ్లీ బండ్లు మాట్లాడుకుంటాం కదా. ఫజర్ చదివిన వెంటనే బీచ్‌లో ఉండేలా బయల్దేరండి, అప్పుడు జనం తక్కువ. తడిసిన బుర్ఖా బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటది. మందపాటి ముదురు రంగు సల్వార్ కమీజ్, పిన్ను పెట్టిన హిజాబ్ చాలు. మోకాళ్ల లోతు దాటొద్దు, చేతులు పట్టుకునే దిగండి. అల లేకుండా సాఫ్‌గా కనిపించే చోటే నీళ్లు లోపలికి లాగుతాయి, అటు పోవద్దు. మగాళ్లలో ఇద్దరు అటూ ఇటూ నిలబడి, ఫోన్లు తిప్పేవాళ్ల సంగతి చూడాలి. డబ్బాలు, చెప్పులు, పసిబిడ్డ దుల్హేభాయ్‌ల జిమ్మా. ఖాలాకు మోకాళ్ల నొప్పులు, దిగలేదు. ఆమె కుర్చీని అల తగిలే దాకా జరపండి.