తోహ్ఫా అని రాయించకండి



ఈద్ దగ్గర పడిందంటే మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో ఒకటే సవాల్. "టర్కీ నుంచి అబాయా తెప్పిస్తున్నా, కస్టమ్స్ పడకుండా ఏం చెయ్యాలి?" జవాబు కూడా ఎప్పుడూ ఒకటే. "అమ్మేవాడికి మెసేజ్ పెట్టు, డబ్బా మీద గిఫ్ట్ అని రాయమను. ఖీమత్ తక్కువ వెయ్యమను." ఈ సలహా ఇచ్చేవాళ్లు పాంచ్ వఖ్త్ నమాజీలే. చెప్పేటప్పుడు ఎవరికీ జంకు ఉండదు. నా ఇబ్బంది అక్కడే.

ముందు దునియా సంగతి చూద్దాం. ఆ ఉపాయం ఇప్పుడు పనికిరాదు. ఒకప్పుడు 5,000 రూపాయల లోపు తోహ్ఫాకి సుంకం మాఫీ ఉండేది. దుకాణాలు అమ్మిన సరుక్కి కూడా గిఫ్ట్ పేరు తగిలించి పంపడం ఎక్కువయ్యాక 2019 డిసెంబర్‌లో సర్కారు ఆ దర్వాజా మూసేసింది. ప్రాణం నిలిపే మందులకీ, రాఖీకీ తప్ప ఆ మాఫీ లేదు. జెద్దాలో ఉన్న సగా భాయి నిజంగానే ముహబ్బత్‌తో పంపినా మహసూలు మహసూలే. "మరి రియాద్ నుంచి మామూ తెచ్చినదానికి కట్టలేదు కదా" అంటారు. అది మనిషి వెంట వచ్చే సామానుకి ఇచ్చే రియాయత్. పార్సెల్‌కి వర్తించదు.

ఇక హిసాబ్. చాలామంది సైట్‌లో కనిపించిన ధర మీదే సుంకం అనుకుంటారు. కాదు. సరుకు ధరకి రవాణా ఖర్చు, బీమా కలిపిన మొత్తం మీద వేస్తారు. ఉదాహరణకి సరుకు 5,000, రవాణా 1,000 అనుకోండి, బీమా వదిలేద్దాం. మొత్తం 6,000. సుంకం 20 శాతం అనుకుంటే 1,200. ఆ సుంకం మీద సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జ్ పదో వంతు, 120. ఇప్పుడు 7,320 అయింది కదా, ఐజీఎస్టీ దాని మీద వేస్తారు. అంటే పన్ను మీద పన్ను. 18 శాతం అయితే 1,317 రూపాయల 60 పైసలు. అంతా కలిపితే 2,637 చిల్లర. ఇవి లెక్క అర్థం కావడానికి వేసిన రేట్లు. అసలు రేటు సరుకుని బట్టి, బడ్జెట్‌ని బట్టి మారుతుంది. దీని పైన కొరియర్ వాడు "మీ తరఫున కట్టాం" అంటూ తన ఫీజు విడిగా అడుగుతాడు. అందుకే కొనేటప్పుడే ధరలో సుంకం కలిసి ఉందో లేదో చూసుకోవాలి.

తక్కువ ఖీమత్ రాయించి పట్టుబడితే 1962 నాటి కస్టమ్స్ చట్టం కింద సరుకు జప్తు చెయ్యొచ్చు, జరిమానా వెయ్యొచ్చు. (ఆ దఫ్తర్‌లో సగం మాటలు మనవే: మాఫీ, వసూలు, జప్తు, జరిమానా, రసీదు!) కార్డుతో కట్టిన మొత్తం బ్యాంకు కాగితాల్లో ఉంటుంది. అడిగితే ఏం చూపిస్తాం?

కొందరు దీన్‌ని అడ్డం పెడతారు. "కస్టమ్స్ అంటే మక్స్, అది జుల్మ్, ఎగ్గొడితే గునా లేదు" అని. మక్స్ గురించి హదీసుల్లో గట్టి హెచ్చరిక ఉన్న మాట నిజమే. కానీ హజ్రత్ ఉమర్ (రజి.) జమానాలో తాజిర్ల దగ్గర ఉష్ర్ వసూలు చేసిన మాట కూడా నిజమే. హారూన్ రషీద్ జమానాలో ఖాజీగా ఉన్న ఇమామ్ అబూ యూసుఫ్ తన కితాబుల్ ఖరాజ్‌లో ఆ హిసాబ్ రాశారు. పరదేశీ తాజిర్‌కి పదో వంతు, జిమ్మీకి ఇరవయ్యో వంతు, ముస్లింకి నలభయ్యో వంతు. సరుకు 200 దిర్హమ్‌ల లోపు ఉంటే ఏమీ తీసుకోకూడదు.

ఆ చివరి మాట దగ్గర నేను ఆగిపోతాను. చిన్న సరుకుని వదిలెయ్యాలనే ఇన్సాఫ్ అంత పాతది. వెయ్యి రూపాయల కితాబు తెప్పించుకునే తాలిబె ఇల్మ్‌నీ, లక్షల వాచీ తెప్పించుకునే సేఠ్‌నీ ఒకే గేటు దగ్గర నిలబెట్టడం నాకు నచ్చదు. చిన్న పార్సెల్‌కి మళ్లీ ఒక హద్దు పెట్టమని ఎంపీకి అర్జీ రాద్దాం, నేను ముందు సంతకం పెడతాను. అంతేగానీ జుల్మ్ అని పేరు పెట్టి జూఠ్‌ని హలాల్ చేసుకోలేం. పైగా ఆ జూఠ్ మనం రాయం, ఇస్తాంబుల్‌లో మనకి ముఖం కూడా తెలియని మరో మోమిన్ చేత రాయిస్తాం. సూరె ముతఫ్ఫిఫీన్ తూకం గురించే అనుకుంటాం గానీ, కాగితం మీద తగ్గించిన ఖీమత్ తూకం కాదా?

ఇంకో ఖత్రా కూడా ఉంది. "మీ పార్సెల్ కస్టమ్స్‌లో ఆగింది, వెంటనే ఈ ఖాతాలో డబ్బు వెయ్యండి, లేకపోతే గిరఫ్తార్" అని ఫోన్లు వస్తున్నాయి. కస్టమ్స్ అఫ్సర్లు ఎవరి సొంత ఖాతాలోనూ డబ్బు వెయ్యమనరు. వాళ్లు పంపే కాగితం మీద డిన్ నంబరు ఉంటుంది, దాన్ని సీబీఐసీ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. డబ్బా మీద అబద్ధం రాయించినవాడు ఆ ఫోన్‌కి ముందుగా వణుకుతాడు, దొంగకి కావలసింది అదే.

మా ఖాలా కూతురికి ఈ హిసాబ్ అంతా కాగితం మీద వేసి చూపించాను. అసలు ఖీమత్‌తోనే ఆర్డర్ పెట్టింది. డబ్బా ఇంకా రాలేదు. మహసూలు డబ్బు మాత్రం విడిగా ఒక కవర్‌లో పెట్టుకుని కూర్చుంది.