తుపాకి తానుగా పేలునా?

కర్త, కర్మ, క్రియ అన్న మూడు మాటలను మనం బాల్యంలోనే నేర్చుకుంటాము. క్రియను చూచి కర్తను గుర్తించటం తెలుగు చదివిన ప్రతి విద్యార్థికీ తెలిసిన పని. అయితే ఒక్క విషయంలో మాత్రం మన పత్రికలూ మన సంభాషణలూ ఈ పాఠాన్ని పూర్తిగా మరచిపోయినవి. పొరపాటున తుపాకి పేలి ఒక కానిస్టేబులు మరణించాడని, శుభ్రం చేస్తుండగా తుపాకి పేలి ఒకరు గాయపడ్డారని మనం తరచు చదువుతూనే ఉన్నాము. ఈ వాక్యాలన్నింటిలోనూ కర్త తుపాకియే. మనిషి ఎక్కడా కనిపించడు. 'పేలు' అనేది అకర్మక క్రియ. 'పేల్చు' అనేది సకర్మక క్రియ. మొదటిదానికి మనిషి అవసరం లేదు. రెండవదానికి మనిషి లేనిదే వాక్యం లేదు. ఈ రెండు క్రియల మధ్య ఉన్న చిన్న భేదంలో ఒక పెద్ద బాధ్యత దాగి ఉన్నదని చెప్పటమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

దీనికి తోడు 'మిస్‌ఫైర్' అన్న మాట ఒకటి మన వార్తలలో స్థిరపడిపోయినది. తుపాకి అనుకోకుండా పేలితే 'మిస్‌ఫైర్ అయింది' అని వ్రాస్తున్నారు. ఆయుధ శాస్త్రంలో ఈ మాటకు అర్థం సరిగా దీనికి వ్యతిరేకం. ట్రిగ్గరు నొక్కినా తూటా పేలకపోవటాన్ని మిస్‌ఫైర్ అంటారు. పేలనిదానికి ఉన్న పేరును పేలినదానికి పెట్టుకున్నాము. ఇది కేవలం భాషా దోషమైతే తెలుగు అధ్యాపకుడు ఎర్రసిరాతో దిద్ది ఊరుకోవచ్చును. కాని ఆ మాట వినగానే యంత్రంలో ఏదో లోపం జరిగిందన్న భావం పాఠకునికి కలుగుతుంది. యంత్రానిదే తప్పయినప్పుడు మనిషి నేర్చుకోవలసినది ఏముంటుంది? బ్రిటిష్ సైన్యంలో ఇట్టి సంఘటనకు 'అజాగ్రత్త వలన జరిగిన కాల్పు' అన్న అర్థమిచ్చే పేరు వాడతారు. అది శిక్షార్హమైన నేరం కూడా. పేరులోనే పాఠం ఉన్నది.

తుపాకి తనంతట తాను ఎన్నడూ పేలదా అని ఒక విద్యార్థి అడగవచ్చును. న్యాయమైన ప్రశ్న. పాతకాలపు రివాల్వర్లలో కొన్ని సుత్తి భాగం మీద దెబ్బ తగిలితే పేలేవి. అందుచేతనే ఆరు గుళ్ల రివాల్వరులో ఐదు మాత్రమే నింపి, సుత్తి క్రింది గదిని ఖాళీగా ఉంచే అలవాటు పుట్టినది. ఎడతెగక కాల్చిన మరతుపాకి వేడెక్కి, ఛాంబరులోని తూటా ఆ వేడికే పేలటం కూడా కలదు. అయితే ఇవి అరుదు. పైగా ఈ సందర్భాలలో సైతం గొట్టం ఎటువైపు ఉన్నదన్నది మనిషి చేతిలోని విషయమే. గొట్టం నేలవైపు ఉంటే మట్టి ఎగురుతుంది; మిత్రునివైపు ఉంటే ప్రాణం పోతుంది. రెండింటికీ యంత్రం ఒకటే, భేదం చేతిది.

ప్రపంచంలో తుపాకి శిక్షణ ఇచ్చేవారిలో అధికులు నేడు నాలుగు నియమాలు చెబుతారు. అమెరికా సైనికుడైన జెఫ్ కూపర్ (1920–2006) వీటిని ప్రచారం చేసినవాడు. ప్రతి తుపాకిలోనూ తూటా ఉన్నట్లే భావించవలెను. నాశనం చేయదలచని దేనివైపూ గొట్టాన్ని త్రిప్పరాదు. గురి కుదిరేవరకు వ్రేలు ట్రిగ్గరు మీద ఉంచరాదు. గురి ఏమిటో, దాని వెనుక ఏమున్నదో నిశ్చయంగా తెలిసికొనవలెను. ఈ నాలుగింటిలో ఒక్కటి తప్పినా మిగిలిన మూడూ ప్రాణాన్ని కాపాడతాయి. ప్రాణం పోయిన చోటెల్లా సాధారణంగా ఒకటికి మించి తప్పి ఉంటాయి. ఈ నియమాలు ఒక పండితుని ఊహలోనుండి పుట్టినవి కావు. వీటి వెనుక ఎందరి నెత్తురో ఉన్నది.

మొదటి నియమానికి ఒక ఉదాహరణ చాలు. 2021 అక్టోబరు 21న అమెరికాలోని న్యూమెక్సికోలో 'రస్ట్' అనే చిత్రం షూటింగు జరుగుతూ ఉండగా నటుడు అలెక్ బాల్డ్‌విన్ చేతిలోని రివాల్వరు పేలి ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ మరణించినది, దర్శకుడు గాయపడ్డాడు. అది ప్రమాదం లేని తుపాకి అని ఆ చోట బిగ్గరగా ప్రకటించారు. కాని అందులో నిజమైన తూటా ఉన్నది. ఆయుధాల బాధ్యురాలు సరిగా చూడలేదు. ఆమెను నమ్మి సహాయ దర్శకుడు చూడలేదు. అతనిని నమ్మి నటుడు చూడలేదు. నమ్మకం ఒక చేతినుండి మరొక చేతికి మారినదేగాని పరీక్ష జరగలేదు. బాధ్యురాలికి 2024లో పద్దెనిమిది నెలల శిక్ష పడినది. నటునిపై అభియోగాన్ని, ప్రాసిక్యూషనువారు సాక్ష్యాన్ని మరుగుపరచారన్న కారణంతో, అదే సంవత్సరం జూలైలో న్యాయస్థానం కొట్టివేసినది. తాను ట్రిగ్గరు నొక్కనేలేదని ఆయన బహిరంగంగా చెప్పి ఉన్నాడు. మళ్లీ అదే అకర్మక క్రియ!

'ఖాళీ' అన్న మాట ఎంత మోసకారిదో కొంచెం వివరించవలసి ఉన్నది. మేగజైను తీసివేస్తే తుపాకి ఖాళీ అయినదని తెలియనివారు అనుకుంటారు. కాని ఛాంబరులో ఒక తూటా మిగిలి ఉండవచ్చును. అందుచేత ముందు మేగజైను తీసి, తరువాత బోల్టు వెనుకకు లాగి, ఛాంబరులోనికి కంటితో చూచి, వ్రేలితో తడిమి నిర్ధారించుకోవలెను. ఈ క్రమం తలక్రిందులైతే, అనగా ముందు బోల్టు లాగి తరువాత మేగజైను తీస్తే, బోల్టు ముందుకు పోతూ మేగజైనులోని మరొక తూటాను ఛాంబరులోనికి నెట్టి ఉంటుంది. చేసిన పనులు రెండూ సరియైనవే, వరుస తప్పినది, ఫలితం మరణం. శుభ్రం చేస్తుండగా జరిగిన ప్రమాదాలలో అనేకం ఈ వరుస తప్పటం వలననో, అసలు చూడకపోవటం వలననో జరిగినవే. ఇక సినిమావారు వాడే గుండు లేని బ్లాంకు తూటా నిరపాయమన్నది మరొక భ్రమ. 1984లో జాన్-ఎరిక్ హెక్సమ్ అనే అమెరికా నటుడు షూటింగు విరామంలో పరిహాసంగా తలకు ఆనించుకొని పేల్చిన బ్లాంకు తూటా దెబ్బకే మరణించాడు.

నాలుగవ నియమం మన దేశానికి కొత్తది కాదు. దశరథ మహారాజు కథ తెలియని తెలుగువాడు ఉండడు. చీకటిలో నీటి శబ్దం విని, అది ఏనుగు అనుకొని, బాణం వదిలాడు. అక్కడ ఉన్నది వృద్ధులైన తల్లిదండ్రుల కోసం కుండలో నీరు ముంచుకుంటున్న ముని బాలకుడు. శబ్దవేధి విద్యలో దశరథునికి లోపం లేదు. గురి తప్పలేదు కూడా. గురి ఏమిటో చూడకపోవటమే లోపం. నేర్పు ఎక్కువైన కొద్దీ జాగ్రత్త తగ్గుతుందన్న సత్యాన్ని ఆ కథకంటె బాగా చెప్పిన పాఠం మరొకటి లేదు. నేటికీ మన ఏజెన్సీ ప్రాంతాలలో రాత్రివేళ అడవిపంది అనుకొని తోటి వేటగానినే నాటు తుపాకితో కాల్చిన ఉదంతాలు వార్తలలో వస్తూనే ఉన్నవి. మందు, రవ్వలు గొట్టంలో కూరి పెట్టిన నాటు తుపాకిని పేల్చకుండా ఖాళీ చేయటం తేలిక కాదు. అందువలన దానిని నింపిన స్థితిలోనే ఇంటికి తెస్తారు, చూరులో దోపుతారు. తరువాతి ప్రమాదం ఆ ఇంటి పిల్లల కోసం కాచుకొని ఉంటుంది.

ఇస్లాం సంప్రదాయంలోనూ ఈ విషయమై స్పష్టమైన బోధ కలదు. బుఖారీ, ముస్లిం హదీసు సంకలనాలలో ప్రవక్త ముహమ్మద్ (స) చేసిన ఒక హెచ్చరిక ఉన్నది. ఎవరూ తమ సోదరునివైపు ఆయుధాన్ని చూపరాదని, షైతాను ఆ చేతిని లాగివేయవచ్చునని, అందువలన ఆ మనిషి నరకాగ్నిలో పడవచ్చునని దాని సారాంశం. బాణాలు పట్టుకొని మసీదులోగాని బజారులోగాని నడిచేవారు వాటి మొనలను చేతితో మూసి పట్టుకోవలెనని మరొక ఆదేశం. ఇక్కడ ఉద్దేశాన్ని గూర్చిన ప్రశ్నే లేదు. నేను నవ్వులాటకు చూపాను అన్న సమాధానానికి తావే లేదు. చేయి జారవచ్చును గనుక చూపనే వద్దు అన్నదే ఆ బోధ. ఆధునికులు చెప్పే రెండవ నియమం ఇదే కదా!

ఇట్టి బోధ కలిగిన మన సమాజంలో కూడా పెళ్లి బరాతులో గాలిలోనికి తుపాకి కాల్చటం గొప్పతనంగా భావించేవారు కొందరున్నారు. ఉత్తర భారతంలో ఈ వేడుక ఎందరు వరులను, ఎందరు పసివారిని బలిగొన్నదో పత్రికలు చదివేవారికి తెలుసు. గాలిలోనికి పోయిన గుండు ఆకాశంలో నిలిచిపోదు. ఎక్కడో ఒకచోట, ఎవరి మిద్దె మీదనో, ఎవరి తల మీదనో దిగవలసినదే. 2019లో ఆయుధాల చట్టానికి చేసిన సవరణ ఈ సంబరపు కాల్పులను ప్రత్యేకంగా పేర్కొన్నది. అజాగ్రత్తగాగాని సంబరాలలోగాని ఇతరుల ప్రాణాలకు అపాయం కలిగేటట్లు కాల్చినవారికి రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చును. పెళ్లికొడుకు మిత్రులుగా ఊరేగింపులో ముందు నడిచే విద్యార్థులు ఈ చట్టాన్ని తెలిసికొని ఉండవలెను. తెలంగాణ జానపదంలో కట్టె తుపాకి పట్టి కోతలు కోసే తుపాకి రాముడు ఉన్నాడు. అతని తుపాకి నవ్వించటానికి, పేలదు. నిజమైన తుపాకి పట్టి తుపాకి రాముని వేషం వేయటం మాత్రం నవ్వులాట కాదు.

ఇక ప్రమాదం నుండి నేర్చుకోవటం ఎట్లు? ఇక్కడ రెండు ఉదాహరణలను ప్రక్క ప్రక్కన పెట్టి చూడవచ్చును. 1956 మార్చిలో పోర్చుగల్‌లో ఉన్న స్పెయిన్ రాజకుటుంబంలో, తరువాతి కాలంలో రాజైన హువాన్ కార్లోస్ తన తమ్ముడు అల్ఫాన్సోతో కలిసి ఉండగా తుపాకి పేలి పద్నాలుగేళ్ల ఆ తమ్ముడు మరణించాడు. ఆయుధాన్ని శుభ్రం చేస్తుండగా కాల్పు జరిగినదని ప్రకటన వెలువడినది. ఎవరి చేతిలో జరిగినదో అందులో లేదు. ఆ ప్రకటన నుండి ఎవరూ ఏమీ నేర్చుకోలేరు. 2006 ఫిబ్రవరి 11న అమెరికా ఉపాధ్యక్షుడు డిక్ చెనీ టెక్సాస్‌లో పిట్టల వేటలో, ఎగిరిన పక్షి వెంట తుపాకిని త్రిప్పుతూ తోటి వేటగానిని కాల్చాడు. డెబ్బై ఎనిమిదేళ్ల ఆ వృద్ధుడు బ్రతికాడు. ఆయనదే తప్పన్నట్లుగా మొదట కొందరు మాట్లాడారు. కాని చెనీ నాలుగు రోజుల తరువాత టెలివిజనులో, ఇందులో మరెవరినీ నిందించరాదని, ట్రిగ్గరు నొక్కినది తానేనని చెప్పాడు. ఆయన రాజకీయాలతో మనకు నిమిత్తం లేదు. ఆ వాక్యంలో కర్త ఉన్నాడు. కర్త ఉన్న వాక్యం నుండి మాత్రమే పాఠం పుడుతుంది.

అయితే తప్పు ఒప్పుకున్న ప్రతివానినీ కఠినంగా శిక్షిస్తే మరునాటి నుండి ఎవరూ ఒప్పుకోరు. క్షమించి ఊరుకుంటే అదే తప్పు మళ్లీ జరుగుతుంది. ఈ చిక్కును విమానయానంవారు చక్కగా విడదీశారు. అమెరికాలో 1976 నుండి పైలట్లు తమకు తప్పిన ప్రమాదాలను రహస్యంగా వ్రాసి పంపే ఏర్పాటు ఉన్నది. పేరు బయటపెట్టరు, పాఠాన్ని మాత్రం అందరికీ పంచుతారు. ప్రాణం పోయిన తరువాత విచారణ జరపటం చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకోవటమే. ప్రాణం పోకుండా తప్పిన నాడే నేర్చుకోగలగటం వివేకం.

ఈ చర్చ కళాశాలకు ఎందుకని కమిటీ పెద్దలు అడుగవచ్చును. 1948 నాటి చట్టంతో ఏర్పడిన ఎన్.సి.సి.లో చేరే విద్యార్థులు .22 రైఫిలుతో గురి అభ్యాసం చేస్తారు. అది చిన్న తుపాకియే అయినా దాని గుండు దాదాపు ఒక మైలు పోగలదు. మన పట్టభద్రులలో కొందరు పోలీసు, సైనిక ఉద్యోగాలలో చేరతారు. నాలుగు నియమాలు వారికి అక్కడ ఎలాగూ చెబుతారు. కాని అలవాటు నియమం కంటె ముందే ఏర్పడుతుంది. కావున మూడు సూచనలు విన్నవిస్తున్నాను.

మొదటిది, కవాతుకు వాడే పేలని డి.పి. రైఫిలును సైతం కేడెట్లు నిజమైన దానివలెనే పట్టుకోవలెను. దానితో ఒకరినొకరు గురిపెట్టుకొని ఫోటోలు తీసికొనటాన్ని నిషేధించవలెను. వార్షికోత్సవ నాటకాలలోని ఆట తుపాకులకూ ఇదే నియమం వర్తించవలెను. రెండవది, ఫైరింగు అభ్యాసంలో తప్పిన ప్రతి ప్రమాదాన్నీ పేర్లు లేకుండా వ్రాసే ఒక పుస్తకం ఉంచవలెను. దానిని ప్రతి సంవత్సరం కొత్త కేడెట్లకు చదివి వినిపించవలెను. నిజమైన మిస్‌ఫైర్ జరిగినపుడు గొట్టాన్ని గురివైపే ఉంచి అర నిమిషం ఆగవలెనన్న చిన్న సంగతి కూడా ఆ పుస్తకంలో ఉండవలెను. మూడవది, ఆయుధాల చట్టం మీద సంవత్సరానికి ఒక్క గంట ఉపన్యాసం ఏర్పాటు చేయవలెను. వీటిలో ఏ ఒక్కటికీ కమిటీకి పెద్దగా వ్యయం కాదు.

విద్యార్థులారా! మీలో అనేకులు జీవితంలో తుపాకిని ఎన్నడూ తాకకపోవచ్చును. అది సంతోషించవలసిన విషయమే. కాని బండి తాళం చెవి, ప్రయోగశాలలోని ఆమ్లపు సీసా, విద్యుత్తు స్విచ్చి మీ చేతులలోనికి వస్తూనే ఉంటాయి. బండి గుద్దుకున్నది, సీసా పగిలినది, తీగ కాలినది అని చెప్పటం చాలా తేలిక. రేపు అట్టి వాక్యం ఒకటి మీ నోటి చివరకు వచ్చినపుడు, ఒక్క క్షణం ఆగి దానికి కర్తను వెదకండి. ఆ కర్త మీరే అయినపుడు వాక్యాన్ని సరిదిద్ది చెప్పండి. తరువాతి ప్రాణం దక్కటానికి అది మొదటి మెట్టు.