ఒక్క పేజీ జిరాక్స్

రాజమండ్రిలో మా అన్నయ్యావాళ్లూ మేమూ ఒకే ఇంట్లో రెండు వాటాలు. మేనకోడలు ఇంటర్ సెకండియర్. సాయంత్రం ఐదున్నర అయ్యేసరికి "జిరాక్స్ తీయించుకొస్తానమ్మా" అని బయల్దేరుతుంది. ఒక్క పేజీ. షాపు వీధి చివరే. ఇల్లు చేరేది ముప్పావుగంటకి, పానీపూరీ కారానికి ముక్కు ఎగబీలుస్తూ. నేనేం అడగను. మా రోజుల్లో నేను రీఫిల్ కొనడానికి వెళ్లేదాన్ని. వారానికి మూడు రీఫిల్స్ అరగదీస్తున్నానని మా అమ్మ తెగ మురిసిపోయేది, పాపం.

వాళ్ల తమ్ముడికి ఈ తిప్పల్లేవు. చెప్పులేసుకుని "బయటికెళ్తున్నా" అంటాడు, అంతే. చీకటిపడేదాకా గోదారి గట్టు మీదే కాపురం. వాడికి పని ఉండక్కర్లా. దీనికి ట్యూషనో, గుడో, రికార్డు బుక్కో ఉండాలి. ముంబైలో శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే అని ముగ్గురు కలిసి 2011లో ఈ తేడా మీదే 'వై లాయిటర్?' అని పుస్తకం రాశారు. పనీపాటా లేకుండా ఊళ్లో తిరగడం ఆడవాళ్లకీ హక్కేనంటారు వాళ్లు. వదినకి చెబితే, "ముందు దాన్ని డాబా మీద వడియాలు తియ్యమను" అంది.

డాబా అంటే ఎగిరి గంతేస్తుందిలెండి. వాటర్ ట్యాంకు నీడలో ఇదీ, పక్కింటి పిల్లా. ఒకటే ఇయర్‌ఫోన్, చెరో చెవిలో. రెండో చెవి మెట్ల మీద అడుగుల చప్పుడికి. ఫోన్ వదినది కదా మరి!

2025 ఆగస్టు 15 నుంచి మన దగ్గర ఆడవాళ్లకి బస్సు ఫ్రీ. కండక్టరు డబ్బులడగడు గానీ, ఇంట్లో "ఎందుకూ?" అని అడుగుతారుగా.

ఏడాదికి ఒక్కరోజు మాత్రం ఎవరూ అడగరు. అట్లతద్ది. తెల్లారగట్ల నాలుగింటికి పెద్దవాళ్లే లేపి, గోంగూర పచ్చడీ పెరుగూ వేసి అన్నం పెట్టి, ఆడుకోండని వీధిలోకి తోలతారు. మంచి మొగుడి కోసమైతే చీకటైనా ఫర్వాలేదన్నమాట!

మొన్నటి అట్లతద్దికి ఉయ్యాల దగ్గర చూస్తే మా పిల్ల లేదు. వెతుక్కుంటూ వీధి చివరికెళ్లాను. మూసున్న జిరాక్స్ షాపు మెట్ల మీద ఐదుగురు, కాళ్లు బార్లా చాపుకుని.

"ఏం చేస్తున్నారే ఇక్కడ?"

"ఏం లేదత్తా."

"ఇంటికి రావా?"

"ఇంకా తెల్లారలేదుగా!"