బాటయు చెరువును

మన సీమలో ఎండకు కొదువ లేదు, వానకే కొదువ. రాయచెర్లు, తిరుమణి, వల్లూరు, బాలసముద్రము, క్యాతగానచెర్లు గ్రామములలో రైతులు కౌలుకిచ్చిన భూములతో కూడిన సుమారు 13,000 ఎకరములందు 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్కేంద్రము 2019 నాటికి పూర్తియైనది. ఎండను ధనముగా మార్చుకొన్న మనము వానను మాత్రము బాటల పాలు చేయుచున్నాము.

రాయచెర్లు, క్యాతగానచెర్లు అను పేళ్లలోనే చెరువు వినబడుచున్నది. ఎత్తుచేసి వేసిన బాట యొక గట్టువంటిది. దాని క్రింద చాలినన్ని తూములు లేనిచో చెరువునకు పోవలసిన నీరు ప్రక్కన నిలిచిపోవును, లేదా బాటనే కోసికొని పోవును. పగుళ్లలో దిగిన నీరు కంకరనుండి తారును విడదీయును. అటుపై లారీ చక్రము పడిన చోటెల్ల గుంతయే. చెరువునకు చేరని నీరే బాటను చెరచుచున్నది. ఆ గుంతలలో వేరుసెనగ బండి ఇఱుసు విఱిగినచో, ఆ నష్టము తుదకు రైతుకు దక్కు ధరలోనే తగ్గునని వర్తకుడనగుటచే చెప్పగలను.

ఇది క్రొత్తగా కనుగొన్న సంగతి కాదు. బాటలవెంట చెట్లు నాటించి బావులు త్రవ్వించినట్లు కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడిలోని అశోకుని శాసనము చెప్పుచున్నది. మన కాలమున ఇథియోపియాలోని టిగ్రే కఱవుసీమలో బాటనీటిని కుంటలకు మళ్లించిరి. మదురై ఆచార్యులు రాజగోపాలన్ వాసుదేవన్ గారు పారవేసిన ప్లాస్టిక్కును వేడి కంకరపై పూతగా పూసి, నీరు సులభముగా దిగని తారుబాటలకు మార్గము చూపి, 2018లో పద్మశ్రీ పొందిరి.

తూములు పెంచిన ఖర్చు పెరుగునని కొందఱందురు. ఏటేట గుంతలు పూడ్చు ఖర్చును కూడ ఖాతాలో వ్రాసి చూచినచో ఆ వాదము నిలువదు.

కావున బాటపని వచ్చినపుడెల్ల గ్రామసభలో మనము మూడు ప్రశ్నలు వేయవలయును. కాలువ దాటుచోట తూము వెడల్పెంత? బాటనీరు ఏ కుంటకు చేరును? కొట్టిన చెట్టునకు మాఱుగా కానుగయో, వేపయో, చింతయో నాటి నీరు పోయువారెవరు? ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన బాటలకు వేసిన గుత్తేదారే అయిదేండ్లు మరమ్మతు చూడవలెనను నియమము గలదు. ఆ గడువును మనమును గుర్తుంచుకొనవలెను.

అర్జీని కన్నడములో వ్రాసి, కన్నడ సోదరులతో కలిసి సంతకములు చేయుదము. మన యింటి భాష తెలుగైనను, ఊరి చెరువు అందఱిది.