ఆ నంబర్ ఎవరిదో మీరు వెతక్కండి

‘‘కంగ్రాట్స్, మీరు సెలెక్ట్ అయ్యారు. సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకి ఒరిజినల్ సర్టిఫికెట్లతో బెంగళూరు ఆఫీసుకి వచ్చేయండి.’’

బీటెక్ ఫైనలియర్‌లో మా రూమ్మేట్‌కి వచ్చిన కాల్ ఇది. అంతకు రెండు వారాల ముందు నిజంగానే ఆ కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్లొచ్చాడు. అవతలి గొంతుకి వాడి పేరు, బ్రాంచి, హాల్‌టికెట్ నంబరు కూడా తెలుసు. ఇంకేం అనుమానం వస్తుంది? ఇంట్లో చెప్పాడు. వాళ్ల నాన్న వీధంతా స్వీట్లు పంచారు. ఆదివారం రాత్రి బస్సెక్కాడు. సోమవారం ఆ ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ అతను లిస్టు చూసి ‘మీ పేరు లేదు బాబూ’ అన్నాడు. తిరిగొచ్చాక రెండు రోజులు మంచం దిగలేదు. ఆ వారంలో ఉన్న ఇంకో కంపెనీ రాతపరీక్షకీ వెళ్లలేదు.

తర్వాత మేం చేసిన పని ఇంకా ఘోరం. కాలర్ ఐడీ యాప్‌లో ఆ నంబరు కొడితే ఒక పేరు వచ్చింది. ఆ పేరుతో మా కాలేజీలో ఒక జూనియర్ ఉన్నాడు. పెద్ద టెక్నాలజీ తెలిసినవాడిలా ఆ స్క్రీన్ అందరికీ చూపించింది నేనే. క్యాంటీన్ ముందు పదిమందిమి చుట్టుముట్టి వాడి చొక్కా పట్టుకున్నాం. ఆ కుర్రాడికి ఏ సంబంధమూ లేదు. నెల తర్వాత అసలు సంగతి బయటపడింది. మాతో రోజూ టిఫిన్ చేసే ఇద్దరు క్లాస్‌మేట్లు కొత్త సిమ్ తీసుకుని ‘సరదాకి’ చేశారట. యాప్‌లో కనిపించిన పేరు, ఆ నంబరును అంతకుముందు వాడి వదిలేసిన ఎవరిదో.

అందుకే ఉద్యోగాల వేటలో ఉన్న మీకు ఈ మాట చెబుతున్నా. కాల్ చేసినవాణ్ని కనిపెట్టడం మీ పని కాదు. ఆధారం పోకుండా దాచుకోవడం, దాన్ని సరైన చోట ఇవ్వడం... మీ పని అంతవరకే.

‘తెలియని నంబర్లు ఎత్తకు’ అని ఇంట్లోవాళ్లు చెబుతారు. మనకి అది కుదరదు. రెజ్యూమె మీద, జాబ్ పోర్టల్‌లో, జాబ్‌మేళా ఫారంలో అన్నిచోట్లా మన నంబరే ఉంటుంది. ఏ కాల్ ఇంటర్వ్యూదో ఎత్తితేగానీ తెలియదు. మనల్ని ఏడిపించాలనుకునేవాడికీ, మోసం చేయాలనుకునేవాడికీ ఈ సంగతి బాగా తెలుసు.

మరి సొంతంగా ట్రేస్ చేస్తే తప్పేంటి? దొరకరు కాబట్టి. దొరికినా చాలాసార్లు వేరేవాళ్లు దొరుకుతారు కాబట్టి. ట్రూకాలర్ లాంటి యాప్‌లు ఎక్కువగా చూపించేది జనం ఇచ్చిన పేర్లే తప్ప సిమ్ కొన్నప్పుడు ఇచ్చిన ఆధార్ వివరాలు కాదు. పైగా డిస్‌కనెక్ట్ అయిన నంబరును 90 రోజులు దాటాక టెలికాం కంపెనీ ఇంకొకరికి ఇవ్వొచ్చు. మొదటి నాలుగంకెలు చూసి ‘ఇది ఫలానా రాష్ట్రం, ఫలానా నెట్‌వర్క్’ అని చెప్పే వెబ్‌సైట్లదీ అదే కథ. 2015 జులై నుంచి దేశంలో ఎక్కడికైనా అదే నంబరుతో పోర్ట్ అవ్వొచ్చు. ఆ అంకెలు నంబరు పుట్టిన చోటు చెబుతాయి, ఇప్పుడున్న చోటు కాదు. ఇక స్పూఫింగ్ చేస్తే స్క్రీన్ మీద కనిపించే నంబరే అబద్ధం. సిమ్ రికార్డులో ఉన్న పేరునే నెట్‌వర్క్ చూపించాలని ట్రాయ్ 2024 ఫిబ్రవరిలో సిఫారసు చేసింది. మంచిదే. కానీ అప్పుడు కూడా తెలిసేది సిమ్ ఎవరి పేరు మీద ఉందనే. మాట్లాడింది ఎవరో తెలియదు.

నిజంగా ట్రేస్ చేయగలిగేది టెలికాం కంపెనీ. దాన్ని చట్టప్రకారం అడగగలిగేది పోలీసులు. కాల్ రికార్డులను కంపెనీలు కనీసం రెండేళ్లు దాచాలని 2021 డిసెంబర్‌లో లైసెన్స్ నిబంధన మార్చారు. కాబట్టి ‘నెల దాటింది, ఇక లాభం లేదు’ అనుకోకండి. అలాగని ‘డబ్బులిస్తే కాల్ డేటా తీసిస్తాం’ అనేవాళ్ల దగ్గరికి మాత్రం పోవద్దు. 2013లో అరుణ్ జైట్లీ కాల్ రికార్డులు అక్రమంగా తీయబోయిన కేసులో ప్రైవేటు డిటెక్టివ్‌లతో పాటు ఢిల్లీ కానిస్టేబుల్ కూడా అరెస్టయ్యాడు. మీరు బాధితులుగా మొదలై నిందితులయ్యే దారి అది.

ఒకటి గుర్తుపెట్టుకోండి. కాల్ రికార్డుల్లో ఎవరు ఎవరికి, ఎప్పుడు, ఎంతసేపు, ఏ టవర్ నుంచి చేశారనేది ఉంటుంది. ఏం మాట్లాడారనేది ఉండదు. వాట్సాప్ కాల్ అయితే ఆ లిస్టులోనే కనిపించదు. ఆ ఖాళీ పూరించాల్సింది మీరే. కాల్ కట్ అవగానే తేదీ, టైము, అన్న మాటలు అన్నట్టుగానే రాసుకోండి. కాల్ లాగ్ స్క్రీన్‌షాట్ తీయండి. ఫోన్‌లో రికార్డింగ్ ఉంటే వాడండి. మెసేజ్‌లు అసహ్యంగా ఉన్నాయని డిలీట్ చేయొద్దు. ‘ఇంకోసారి కాల్ చేయొద్దు’ అని ఒక్కసారి స్పష్టంగా చెప్పండి, వీలైతే మెసేజ్‌లో. తర్వాత ఎంత రెచ్చగొట్టినా జవాబు వద్దు. మీరు తిడితే అదే వాడికి కావాల్సింది. ఇవన్నీ అయ్యాకే బ్లాక్ చేయండి.

ఆ ఒక్క మెసేజ్ అమ్మాయిలకు మరీ ముఖ్యం. ఇంటర్వ్యూ పేరుతో మొదలుపెట్టి రాత్రి పదకొండింటికి కాల్ చేసేవాళ్లు ఉన్నారు. ఇష్టం లేదని స్పష్టంగా చెప్పాక కూడా వెంటపడి మళ్లీ మళ్లీ కాంటాక్ట్ చేస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 78 కింద స్టాకింగ్. మొదటిసారికే మూడేళ్ల దాకా జైలు. తెలంగాణలో షీ టీమ్స్, ఆంధ్రప్రదేశ్‌లో శక్తి యాప్ ఉన్నాయి. మీరు హైదరాబాద్ హాస్టల్‌లో ఉండి, ఊరు శ్రీకాకుళం అయినా సరే, ఇలాంటి నేరానికి ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ ఇవ్వొచ్చు. ‘మా పరిధి కాదు’ అంటే ఆ మాట గుర్తుచేయండి.

ఉద్యోగం పేరుతో డబ్బు లాగితే వెంటనే 1930కి కాల్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. డబ్బు పోలేదు, కాల్ మాత్రం మోసంలా అనిపించింది అంటే సంచార్ సాథీలోని చక్షులో రిపోర్ట్ చేయండి. బెదిరింపులు, వేధింపులైతే సైబర్ క్రైమ్ పోర్టల్ లేదా దగ్గర్లోని పోలీస్ స్టేషన్.

ఇక మా రూమ్మేట్‌కి వచ్చినలాంటి కాల్ వస్తే సంతోషాన్ని ఒక గంట ఆపండి. ‘థాంక్స్ సర్, అఫీషియల్ మెయిల్ పంపగలరా?’ అనండి. నిజమైన హెచ్‌ఆర్ దానికి కోపం తెచ్చుకోరు. మెయిల్ వస్తే అడ్రస్‌లో ‘ఎట్’ గుర్తు తర్వాత ఉన్నది కంపెనీ వెబ్‌సైట్ పేరేనా చూడండి. ఆ వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకి మీరే ఫోన్ చేయండి, లేదా ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌ని అడగండి. అప్పటిదాకా అమ్మకి కూడా చెప్పకండి. చెప్పాక వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో వాడి ముఖంలో చూశాను.

ఇది చదువుతున్నవాళ్లలో అలాంటి కాల్ ‘సరదాకి’ చేద్దామనుకునేవాళ్లూ ఉండొచ్చు. హాల్‌టికెట్ నంబరు తెలిసిన ఫ్రెండ్ మాత్రమే చేయగలిగిన మోసం అది. మా వాడికి తర్వాత ఉద్యోగం వచ్చింది. ఆఫర్ లెటర్ చేతికొచ్చినా, జాయినయ్యేదాకా ఇంట్లో చెప్పలేదు. ఆ జూనియర్‌కి నేను సారీ చెప్పాను. ‘పర్లేదన్నా’ అన్నాడు గానీ, ఆ తర్వాత క్యాంటీన్‌లో మా టేబుల్ వైపు ఎప్పుడూ రాలేదు.