అద్దానికి ఆవిరి పడితే కొంగు పెట్టకండి!

కారు సంగతులు మగవాళ్లవి, మనకెందుకులే అనుకునేదాన్ని నేనూ. పక్క సీట్లో కూర్చుని పిల్లలకు బిస్కెట్లు అందించడం, నిద్ర వస్తుంటే మావారితో కబుర్లు చెప్పడం... అంతవరకే నా పని. కిందటేడు శ్రావణమాసంలో జరిగిన ఒక సంఘటనతో ఆ అభిప్రాయం మార్చుకున్నాను. అదేమిటో చెబుతాను, వినండి.

కాకినాడలో మా బంధువుల పెళ్లి చూసుకుని రాత్రిపూట రాజమండ్రి తిరిగి వస్తున్నాం. మావారు, నేను, అత్తయ్యగారు, ఇద్దరు పిల్లలు. కారెక్కేలోపే అందరం తడిసిపోయాం. తడి గొడుగులు కాళ్ల దగ్గర పడేశాం. పెళ్లివారు కట్టిచ్చిన వేడివేడి పులిహోర గిన్నె నా ఒళ్లో ఉంది. వాన లోపలికి కొడుతుందని అద్దాలన్నీ ఎత్తేశాం. అత్తయ్యగారికి చలిగా ఉందంటే ఏసీ కూడా ఆపేశాం.

సామర్లకోట దాటేసరికి ముందు అద్దమంతా తెల్లగా అయిపోయింది. "తుడువు, తుడువు" అన్నారు మావారు. నేను కొంగుతో గబగబా తుడిచాను. క్షణం బాగానే ఉంది. ఎదురుగా లారీ లైటు పడగానే అద్దమంతా గీతలు గీతలుగా మెరిసి, రోడ్డే కనిపించలేదు. లారీ పోయాక చూస్తే మా ముందు బారెడు దూరంలో ఒక పెద్దాయన! యూరియా సంచి నెత్తిన కప్పుకుని సైకిల్ తొక్కుకుంటూ పోతున్నాడు. మావారు బ్రేకు మీద నిలబడినంత పని చేశారు. పులిహోర గిన్నె కిందపడింది. ఆయన వెనక్కి తిరిగి, "చూసుకుని రండి బాబూ" అని మాత్రం అని వెళ్లిపోయాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది.

మర్నాడు మా కారు బాగుచేసే మెకానిక్‌ని అడిగితే, "అది వంటింటి సంగతేనమ్మా" అన్నాడు. నిజమే! ఉడుకుతున్న అన్నం మీద మూత తీస్తే లోపల నీటి చుక్కలుంటాయా? ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి చెమట పడుతుందా? ఇదీ అంతే. గాలిలోని తేమ చల్లటి వస్తువుకి తగిలితే నీరవుతుంది. ఆ రాత్రి వానకు అద్దం చల్లబడింది. లోపల అయిదుగురి ఊపిరి, తడి బట్టలు, పైగా నా పులిహోర ఆవిరి! అద్దానికి ఆవిరి పట్టక ఏమవుతుంది?

ముందుగా గుర్తుంచుకోవలసింది ఒకటే. ఆవిరి ఏ పక్కన పట్టిందో చూడాలి. పక్కన కూర్చున్న మీరే అద్దం మూల మీద వేలితో చిన్న గీత గీయండి. గీత పడి, వేలికి తడి తగిలితే ఆవిరి లోపలుంది. పడకపోతే బయట ఉందన్నమాట.

లోపల ఉంటే: ఏసీ వెయ్యండి. ఏసీ చల్లబరచడమే కాదు, గాలిలోని తేమను కూడా లాగేస్తుంది. ఏసీ వేసిన కారు కింద నీళ్లు కారేది అందుకే. గాలి ముందు అద్దానికి తగిలేలా మీట తిప్పి, ఫ్యాను పెంచండి. విసనకర్రలాంటి బొమ్మ మీద మూడు వంకర బాణాలుంటాయి చూడండి, అదే ఆ గుర్తు. కారు బొమ్మలో బాణం గుండ్రంగా లోపలే తిరుగుతుంటే లోపలి గాలే మళ్లీ మళ్లీ తిరుగుతున్నట్టు. దాన్ని మార్చి బయటి గాలి వచ్చేలా పెట్టాలి. చలి అనిపిస్తే ఏసీ ఆపకుండానే వేడి మీట కొంచెం తిప్పుకోవచ్చు. ఏసీ లేని కారైతే ఫ్యాను వేసి, పక్క అద్దాలు రెండు వేళ్ల మందం దించండి. నాలుగు చినుకులు పడితే పడనివ్వండి.

బయట ఉంటే: ఉక్కపోతగా ఉన్న రోజు ఏసీ బాగా పెంచితే అద్దం చల్లబడి బయటివైపు చెమట పడుతుంది. అప్పుడు వైపర్ వేస్తే పోతుంది. చల్లదనం తగ్గించి, గాలి అద్దం మీదికి కాకుండా ముఖాల వైపు తిప్పాలి.

ఏ పక్కనో తేలకపోయినా, దారి కనిపించకపోయినా ఇంకొంచెం దూరమే కదా అని పోనివ్వకండి. రోడ్డు దిగి ఎడమ పక్కన ఆపి, నాలుగు ఇండికేటర్లూ వెలిగించి, అద్దం తేటపడ్డాకే కదలండి. చేత్తో, కొంగుతో అసలు తుడవకండి. చేతికుండే జిడ్డు అద్దానికి అంటుకుంటుంది. రాత్రిపూట ఎదుటి లైటు పడితే కళ్లు చెదిరేది దానివల్లే.

ఇక అసలు ఆవిరి పట్టకుండా మనం ఇంట్లో చేసుకోగల పనులు ఇవి:

* వారానికోసారి అద్దాలు లోపలివైపు కూడా తుడవండి. మురికి, జిడ్డు ఉన్న అద్దానికి ఆవిరి తొందరగా పడుతుంది. కారులో దేవుడి బొమ్మ దగ్గర అగరొత్తులు వెలిగించే అలవాటుంటే ఆ పొగ కూడా అద్దానికి పొరలా పడుతుంది.
* తుడిచాక, మావారు గడ్డానికి వాడే నురగ కొంచెం గుడ్డకు రాసి అద్దానికి లోపల పలచగా పూసి, పొడిగుడ్డతో మెరిసేవరకు తుడుస్తాను. కొన్నాళ్లు ఆవిరి తక్కువగా పడుతుంది. ముందు ఒక మూల రాసి చూసుకోండి.
* వెనక అద్దానికి సన్నటి గీతలుంటే అవి అద్దాన్ని వేడిచేసే తీగలు. మెత్తటి గుడ్డతో గీతల వెంబడే తుడవండి, గీకకండి.
* కాళ్ల కింద పట్టాలు తడిస్తే తీసి ఎండబెట్టండి. తడి గొడుగులు ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టండి.
* వేడి వంటకాలు గట్టి మూత ఉన్న క్యారియర్‌లోనే తీసుకెళ్లండి.

డిసెంబరు, జనవరి నెలల్లో అరకు, లంబసింగి వెళ్లేవారికీ తెల్లవారుజామున ఇదే తంటా. బయలుదేరే ముందు అయిదు నిమిషాలు కేటాయించి అద్దాలన్నీ తేటపరుచుకోండి. ముందు అద్దంలో చిన్న కిటికీ అంత తుడుచుకుని కొండదారి ఎక్కకండి.

మొన్న వానలో మళ్లీ అదే దారిన వచ్చాం. అత్తయ్యగారు "చలేస్తోందే" అన్నారు. శాలువా తీసి కప్పాను. ఏసీ మాత్రం ఆపలేదు!